గార్డు సీటున్న హైపర్‌కార్

నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడ ఉంది. అక్కడ అలాంటివి చాలా ఉన్నాయి కనుక గుర్తులు చెప్పి లాభం లేదు. ఆ మేడ రెండో సెల్లారులో, లిఫ్టు దిగగానే ఎడమచేతి వైపు ఒక గాజుగది. లోపల రెండు కుర్చీలు, మూడు కంప్యూటర్లు, గోడ మీద నూట పద్నాలుగు కార్ల నంబర్ల జాబితా. దీనిని ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ అంటారు. పైన పనిచేసే నాలుగు వేల మందిలో ఎవరు ఏ కారెక్కి, ఎవరి పక్కన కూర్చుని, ఏ దారిన ఇల్లు చేరాలో నిర్ణయించే అధికారం ఈ గదిది. పదకొండేళ్లుగా ఆ అధికారం చేపూరి శ్రీలత చేతిలో ఉంది.

శ్రీలతది జనగామ దగ్గర పల్లె. వయసు ముప్పై తొమ్మిది. భర్త రమేష్ జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. నూట పద్నాలుగు కార్లను కదిలించే శ్రీలతకు కారు నడపడం రాదు. స్కూటీ కూడా రాదు. ఈ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు. తెలిసినా పైకి అనరు. ఎవరిని మియాపూర్ పంపాలో, ఎవరిని మేడ్చల్ పంపాలో రాసే చేయి ఆమెదే.

ఆ రాయడం ఒక విద్య. నలుగురిని ఒక కారులో కూర్చోబెట్టాలి. నలుగురి ఇళ్లూ ఒకే దారిలో ఉండాలి. ఒకరి కోసం మిగతా ముగ్గురూ ఊరు తిరగకూడదు. మాట్లాడుకోని ఇద్దరు మేనేజర్లను ఒకే వెనక సీటులో పడేయకూడదు. కారు ఖాళీగా ఒక్క కిలోమీటరు తిరిగినట్టు తెర మీద కనిపిస్తే శ్రీలతకు ఆ పూట అన్నం సహించదు. బండిలో పనిలేని మనిషి, మనిషి లేని బండి, ఈ రెండూ ఆమె దృష్టిలో ఒకే జాతి పాపాలు.

ఇంత విద్యకూ గుర్తింపు లేకపోలేదు. మూడు నెలలకోసారి అయిదో అంతస్తు ఆడిటోరియంలో టౌన్‌హాల్ అనే మహాసభ జరుగుతుంది. గోడంత తెర మీద ఒక్కో విభాగం సాధించిన ఘనతలు వరుసగా పడతాయి, జనం చప్పట్లు కొడతారు. చివర్లో, అందరూ సమోసాల వైపు చూస్తున్న సమయంలో, ఒక స్లైడ్ వస్తుంది. దాని మీద ‘ట్రాన్స్‌పోర్ట్ ఫిర్యాదులు’ అని ఉండి, పక్కన ఒక అంకె ఉంటుంది. పదకొండేళ్లలో శ్రీలత ఇలాంటి అంకెలు నలభై మూడు చూసింది. అంకె పెరిగితే హాలు నవ్వింది. తగ్గితే హాలు సమోసా తిన్నది.

ఆమె కోరిక పెద్దది కాదు. జీతం పెంచమనలేదు, గదికి కిటికీ పెట్టమనలేదు. ఆ తెర మీద ‘ట్రాన్స్‌పోర్ట్’ అనే మాట ఒక్కసారైనా ‘ఫిర్యాదులు’ అనే తోక లేకుండా పడాలి. అంతే.

ఫిబ్రవరి మొదటివారంలో హెచ్ఆర్ నుంచి శిరీష అనే అమ్మాయి ఒక మెయిల్ పంపింది. కంప్యూటర్‌లో వాహనాలు తయారుచేసే ఆట ఒకటుంది. ఇంజన్, చక్రాలు, రెక్కలు, సీట్లు, అన్నీ విడివిడిగా ఇస్తారు. ఎవరికి వాళ్లు బిగించుకుని తమ సొంత హైపర్‌కార్, అంటే అతివేగంగా పోయే కారు, తయారుచేసుకోవాలి. కంప్యూటర్‌లోనే మూడు కిలోమీటర్ల తిన్నని రోడ్డు. దాని చివరి గీత దాటేటప్పుడు ఎవరి వేగం ఎక్కువైతే వాళ్లు విజేత. గెలిచిన విభాగం పేరు మార్చి టౌన్‌హాల్‌లో తెర మీద వేస్తారు. కింద ఒక వాక్యం: ‘అన్ని విభాగాలూ పాల్గొనవచ్చు.’

ఇలాంటి వాక్యాలు మర్యాదకు రాస్తారు. శ్రీలత దాన్ని నిబంధనగా చదివింది. ఆమె రోజంతా చేసే పని నిబంధనలు చదవడమే.

“అక్కా, ఇది కోడింగ్ చేసేటోళ్లకు,” అంది పక్క కుర్చీలోని ప్రవీణ. డెస్క్‌లో ఆమె శ్రీలతకు సహాయకురాలు, వికారాబాద్ పిల్ల. “మనల్ని పిలిచిన్రంటే పెండ్లి పత్రిక మీద సకుటుంబ సపరివారంగా అని అచ్చేసినట్టు. అది చూసి అందరం పోతమా?”

“రాసిన్రా లేదా?”

“రాసిన్రు.”

“అయితే పోతం. ఫారం నింపు.”

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో ఈగలు తోలుకునే సమయం. పొద్దుటి కార్లు వచ్చేసి ఉంటాయి, సాయంత్రం కార్లు ఇంకా కదలవు. ఆ రెండు గంటల్లోనే శ్రీలత వాహన నిర్మాణంలోకి అడుగుపెట్టింది. ఆమె తొలి సృష్టి చూడటానికి పెండ్లివాళ్లను దింపి వస్తున్న ఇన్నోవాలా ఉంది. గంటకు తొంభై ఆరు కిలోమీటర్ల వేగం అందుకుని, ఆ శ్రమకు ఓర్వలేక రెండు తలుపులు రాల్చుకుంది. అసలు చిక్కు తలుపులది కాదు. కంపెనీ కారు ఎనభై దాటితే శ్రీలత తెర మీద ఎర్రగీత వెలిగి గంట మోగుతుంది, ఆమె వెంటనే డ్రైవర్‌కు ఫోన్ చేసి మందలించాలి. పదకొండేళ్ల ఆ అలవాటు ఆమె వేళ్లలోకి దిగిపోయింది. ఆటలో వేగం ముల్లు ఎనభై తాకగానే ఆమె వేలు తనంతట తానే మీట మీంచి లేచిపోయేది. వారం రోజులు సాధన చేస్తే గానీ ఆ వేలికి నచ్చజెప్పడం కుదరలేదు.

ఈలోగా వార్త పార్కింగ్ అంతా పాకింది. ఇరవై రెండేళ్ల సర్వీసున్న రాజయ్య ముందుండి, వెనక మరో ఆరుగురు డ్రైవర్లతో గాజుగోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“మేడం, స్టెప్నీ ఏది?” అన్నాడు రాజయ్య, తెరను ఒక్క చూపులో తనిఖీ చేసి.

“లేదన్నా.”

“పంచర్ అయితే?”

“మూడు కిలోమీటర్లే గదన్నా రోడ్డు.”

“పంచర్ కిలోమీటర్లు చూసుకొని అయితదా మేడం?”

 శ్రీలత స్టెప్నీ పెట్టింది. ఆ మెతకతనం చూసి మిగతావాళ్లూ ధైర్యం తెచ్చుకున్నారు. ఒకరు ఏసీ అడిగారు. ఒకరు కింద రాళ్లు తగలకుండా బండిని పైకి లేపమన్నారు. నార్సింగి సర్వీస్ రోడ్డు మీద బతుకు గడిపిన ఒకాయన, ఎంత హైపర్‌కారైనా హారన్ లేకుండా ఎట్ల పోతదని నిజాయితీగా అడిగాడు. శుక్రవారానికల్లా ఆ కారు ఒక చిన్న కుటుంబం కాపురం పెట్టుకోవడానికి అనువుగా తయారైంది. వేగం నూట నలభై.

శనివారం శ్రీలత ఒక పని చేసింది. కారులోని భాగాలన్నిటి పేర్లూ, బరువులూ రోస్టర్ రాసే కాగితాల మీద దించింది. నూట తొంభై రెండు పేర్లు. ప్రతి పేరుకూ ఎదురుగా ‘డ్యూటీ’ అని ఒక గడి గీసింది.

“ఈయన డ్యూటీ ఏంది?” అని అడిగింది ప్రవీణను, ఏసీని చూపించి.

“చల్లగ ఉంచుడు.”

“ఎవరిని? ఎంతసేపు?”

“నీకు... నిమిషంన్నర.”

“దింపెయ్.”

అలా ఒక్కొక్కరినీ పిలిచి విచారించింది. డ్యూటీ లేనివాళ్లను దింపేసింది. ఒకే డ్యూటీ ఇద్దరు చేస్తుంటే ఒకరిని దింపేసింది. స్టెప్నీ దిగేటప్పుడు రాజయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వెనక రెక్క విషయంలో మాత్రం ఆమె రెండు రోజులు తటపటాయించింది. ఆ రెక్క గాలిని కిందికి తొక్కి బండిని రోడ్డుకు అంటిపెట్టి ఉంచుతుంది. అదే రెక్క బండిని వెనక్కి కూడా గుంజుతుంది. పని చేస్తూనే పని చెడగొట్టే ఉద్యోగులు పై అంతస్తుల్లో చాలామంది ఉన్నందున ఆమెకు ఈ రకం కొత్త కాదు. తీసేయలేదు, సగానికి కోసింది.

నూట తొంభై రెండు పేర్లు ఎనభై ఏడుకు దిగాయి. వేగం నూట నలభై నుంచి రెండు వందల తొంభైకి, అక్కణ్నుంచి మూడు వందల నలభైకి ఎక్కింది.

మూడు వందల నలభై దగ్గర కారు ఎడమకు తిరిగి రెయిలింగుకు గుద్దుకుంది.

మళ్లీ నడిపారు. మళ్లీ ఎడమకే. పదిసార్లు నడిపితే పదిసార్లూ అదే రెయిలింగు, దాదాపు అదే స్తంభం. పోటీ ఇక పది రోజులుంది. గాజుగది ముందు వైద్యమండలి సమావేశమైంది.

“అలైన్‌మెంట్ పోయింది,” అన్నాడు రాజయ్య.

“బేరింగ్,” అన్నాడు మరొకడు.

“ఎడమ టైర్ల గాలి తక్కువున్నదేమో, జర చూడున్రి.”

“నజర్ తగిలింది మేడం. పైనోళ్లు రోజు అద్దంలకెల్లి తొంగి చూస్తున్నరు.” ఇలా అన్నవాడు మర్నాడు నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి కంప్యూటర్ తెరకు కట్టాడు. నిమ్మకాయ సరిగ్గా ముల్లు కనిపించేచోట వేలాడుతుండడంతో ఆ రోజంతా వేగం ఎంతో ఎవరికీ తెలియలేదు.

నాలుగు రోజులు ఇలా గడిచాక ప్రవీణ విసుగెత్తి, ఆటలో ఎక్కడో లోపల దాగిన బరువుల పట్టిక తీసింది. కారు కుడివైపు బరువు ఒక అంకె. డ్రైవర్ బరువును ఆట తనే సర్దేస్తుంది, అయినా ఎడమవైపు బరువు అంతకు డెబ్బై అయిదు కిలోలు ఎక్కువ.

“అక్కా,” అంది ప్రవీణ నెమ్మదిగా. “నీ పక్క సీట్ల ఎవరో కూసున్నరు.”

శ్రీలత తొంగి చూసింది. డ్రైవర్ సీటులో జడ వేసుకున్న ఆడబొమ్మ ఉంది. ఆటలో నడిపేవాళ్ల పేరు పెట్టాలంటే దానికి ‘శ్రీలత’ అని పెట్టారు. పక్కన, ముందు సీటులో, సీటు బెల్టుతో సహా, ఒక మగబొమ్మ నిటారుగా కూర్చుని ఉంది.

“గార్డు,” అంది శ్రీలత.

కంపెనీలో ఒక నియమం ఉంది. సాయంత్రం చీకటి పడ్డాక కారులో ఆడమనిషి ఒక్కతే మిగిలితే, ముందు సీటులో సెక్యూరిటీ గార్డు లేకుండా ఆ కారు గేటు దాటకూడదు. శ్రీలత పదకొండేళ్లలో ఈ గడి ఎన్ని వేలసార్లు నింపిందో లెక్కలేదు. బొమ్మకు జడ చూసిన క్షణంలోనే ఆమె చేయి ఆమెకు చెప్పకుండా పక్క సీటులో గార్డును వేసేసింది. నూట తొంభై రెండు మందిని నిలబెట్టి విచారించిన శనివారం నాడు కూడా ఈయన్ని మాత్రం అడగలేదు. ఈయన డ్యూటీ ఏమిటో ఆమెకు సందేహమే లేదు.

“హమ్మయ్య, దొరికిండు,” అంది ప్రవీణ. “దింపెయ్.”

శ్రీలత మౌస్ మీద చేయి పెట్టింది. బొమ్మ మీద ఒత్తింది. ‘తొలగించాలా?’ అని ఆట అడిగింది.  ‘వద్దు’ అని ఒత్తింది.

ఆ సమయంలో పై నుంచి లోహిత్ దిగి వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాకినాడ కుర్రాడు, ప్రోడక్ట్ టీముకు లీడు. తన కారు పికప్ సమయం మార్చమని అడగడానికి వచ్చానన్నాడు కానీ, అతని టీము కూడా పోటీలో ఉంది. వాళ్ల కారు అప్పటికే నాలుగు వందల ఇరవై తాకిందని మేడంతా తెలుసు. తెర చూసి అతను మర్యాదగా కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఆయనెవరండీ శ్రీలత గారూ?”

“గార్డు సార్.”

“గార్డా? గేమ్‌లోనా అండి?”

“డ్రైవర్ లేడీ సార్.”

“అది బొమ్మండి బాబూ.”

“మీరు బొమ్మ అంటరు సార్. సిస్టంల ఫిమేల్ అని ఉన్నది.”

 అతను మంచివాడు. ప్రత్యర్థికి సాయం చేయడంలో అతనికి ఇబ్బంది లేదు. “రూల్స్‌లో ఎక్కడా పక్కన మనిషుండాలని లేదండి. ఆయన్ని తీసేయండి, కారు తిన్నగా పోయి నాలుగొందలు దాటుద్ది. బరువు తగ్గి మీకో పాతిక పెరుగుద్ది కూడానండి. నిజం చెప్పాలంటే మమ్మల్ని కొట్టేస్తారు.”

“లేకుంటే డ్రైవర్‌ను మగాయన్ని చెయ్ అక్కా,” అంది ప్రవీణ. “జడ తీసేస్తే కథ ఒడిసె. గార్డ్ అవసరమే లేదు.”

“నడిపేది నేను గదా,” అంది శ్రీలత. “పేరు నాదే ఉన్నది గదా.”

 లోహిత్ పికప్ సమయం మార్పించుకుని వెళ్లిపోయాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. డెస్క్‌లో చేరిన మొదటి ఏడాది ఒకరోజు గార్డు ఒకరు తక్కువయ్యారు. ఇల్లు పన్నెండు నిమిషాల దూరమే కదా అని ఉమాశ్రీ అనే కొత్త అమ్మాయిని గార్డు లేకుండానే పంపింది. దారిలో టైరు పంచరైంది. ఆ అమ్మాయి, డ్రైవరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నలభై నిమిషాలు నిలబడ్డారు. తర్వాత ఇంకో కారు వెళ్లి తీసుకుపోయింది. ఏమీ జరగలేదు. ఆ అమ్మాయి ఫిర్యాదు కూడా చేయలేదు, మర్నాడు వచ్చి నవ్వుతూ పలకరించింది. కానీ ఆ నలభై నిమిషాలు శ్రీలత ఫోన్ చెవికి ఆనించుకుని ఈ గాజుగదిలోనే నిలబడి ఉంది, కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. ఆ రోజు నుంచీ గార్డు లేని కారు ఆమె చేతి మీదుగా గేటు దాటలేదు. బొమ్మకారైనా సరే, దాటించే చేయి అదే కదా.

గార్డు దిగడు. గార్డు దిగకపోతే కారు తిన్నగా పోదు. కారు తిన్నగా పోకపోతే తెర మీద పేరు పడదు. పోటీ ఇక ఆరు రోజులు.

మరుసటి రోజు మూడింటికి చంద్రయ్య వచ్చాడు. అతను నిజం గార్డు, మెదక్ జిల్లా మనిషి, యాభై అయిదేళ్లవాడు. సాయంత్రం ఏ కారులో కూర్చోవాలో రాసిన కాగితం తీసుకోవడానికి రోజూ వస్తాడు.

“చంద్రయ్యన్నా, నీ బరువెంత?” అంది శ్రీలత.

“ఎందుకు మేడం, దవాఖానకు పంపుతరా?”

“ఈ బొమ్మ డెబ్బై అయిదు కిలోలున్నడు. మన గార్డులల్ల గంత లావు ఎవరున్నరు? ఉన్న బరువే వేద్దామని.”

పార్సిళ్లు తూచే గదిలో చంద్రయ్యను త్రాసు మీద నిలబెట్టారు. బూట్లు, లాఠీ, మంచినీళ్ల సీసాతో కలిపి యాభై తొమ్మిది. శ్రీలత బూట్లు ఉంచి, లాఠీ, సీసా తీసివేసింది. యాభై ఎనిమిది. ఆ అంకె ఆటలో వేశాక చంద్రయ్య తెర ముందు నిలబడి తన డ్యూటీ వివరాలు అడగడం మొదలుపెట్టాడు.

“ఏ రూట్ మేడం?”

“రూట్ లేదన్నా. సీదా రోడ్డు, మూడు కిలోమీటర్లు.”

“డ్రాప్ ఎవరికి?”

“నాకే.”

“ఎంతల పోతది బండి?”

“నాలుగొందలు.”

చంద్రయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. తన ఉద్యోగ జీవితంలో డ్యూటీకి రానని ఎన్నడూ అనని మనిషి. ఇప్పుడూ అనదలచుకోలేదు. “వస్త మేడం. వచ్చేది వస్త. గని ముంగట మాత్రం కూసోను. గంత స్పీడుల రోడ్డు నా మీదికి ఉరికొస్తుంటే నాతోని కాదు. నన్ను మీ ఎన్క కూసోబెట్టున్రి. మీ వీపు చూసుకుంట కూసుంట.”

శ్రీలతకు ఇది న్యాయమైన కోరికగా తోచింది. గార్డు కారులో ఉండాలన్నదే నియమం. ముందే కూర్చోవాలన్నది సౌకర్యం కోసం రాసుకున్న మాట. ఆమె బొమ్మను తీసి తన బొమ్మకు సరిగ్గా వెనక కూర్చోబెట్టింది, బైక్ మీద ఎక్కించుకున్నట్టు. అలా చేశాక చూస్తే తన పక్క సీటు ఖాళీగా ఉంది. ఖాళీ సీటును ఆమె భరించలేదు. సీటు తీసేసింది. సీటు తీశాక ఆ పక్క తలుపుకు డ్యూటీ లేదు. తలుపు తీశాక ఆ పక్క ఒళ్లంతా ఎందుకున్నట్టు? డ్రైవర్ సీటును నడిమధ్యకు జరిపి, కారును రెండు వైపులా కోసుకుంటూ పోయింది. చివరికి కారు మూరెడు సన్నబడింది. ముందు నుంచి చూస్తే వాడిగా చెక్కిన పెన్సిల్‌లా ఉంది.

నడిపారు. కారు ఎడమకూ తిరగలేదు, కుడికీ తిరగలేదు. బరువంతా ఇప్పుడు నట్టనడి గీత మీద ఉంది. అంతకంటే విచిత్రం, సన్నబడిన కారుకు ఎదురుగాలి తగలడానికి చోటే దొరకలేదు. నాలుగు వందల పందొమ్మిది చూపించి గీత దాటింది. ఏరోడైనమిక్స్ అనే శాస్త్రం ఎవరూ పిలవకుండానే సెల్లారులోకి దిగి వచ్చింది.

“నేను బాగనే కూసున్ననా మేడం?” అన్నాడు చంద్రయ్య.

“మస్తు కూసున్నవన్నా.”

మిగిలిన రోజుల్లో శ్రీలత జాబితా నుంచి ఇంకో నాలుగు పేర్లు దింపింది. పోటీ రోజున ఆడిటోరియం నిండింది. చంద్రయ్యకు ఆ రోజు తలుపు దగ్గర డ్యూటీ పడింది. అది ఎలా పడిందో ఎవరూ విచారించలేదు. అతని భుజం మీంచి రాజయ్య లోపలికి తొంగి చూస్తున్నాడు. తొమ్మిది కార్లు. ఫైనాన్స్ వారి కారు రెండో కిలోమీటరు దగ్గర నేల విడిచి మళ్లీ తిరిగి రాలేదు. మార్కెటింగ్ వారిది అన్నిటికంటే అందమైనది. అది గీత దాకా రాలేదు కానీ ఫొటోలు బాగా వచ్చాయి. లోహిత్ టీము కారు నాలుగు వందల ఇరవై నాలుగు దగ్గర గీత దాటినప్పుడు హాలు లేచి నిలబడింది.

శ్రీలత కారు తెర మీదికి రాగానే హాలులో సన్నని నవ్వు పుట్టింది. ఎవరో “వెనకాల ఆయనెవరు?” అన్నారు. “ఓనర్ అయ్యుంటాడు,” అని ఇంకెవరో జవాబిచ్చారు. శ్రీలత వినలేదు. మీట నొక్కింది. వెనక మనిషి బరువుంది కనుక మొదటి కిలోమీటరులో దాని వేగం, అదేచోట లోహిత్ కారు చూపిన వేగం కంటే తక్కువే. రెండో కిలోమీటరు చివర కూడా పదకొండు తక్కువ. ప్రవీణ చున్నీ కొసను నోట్లో కుక్కుకుంది. మూడో కిలోమీటరులో, మిగతా కార్లన్నీ గాలితో కుస్తీ పట్టిన చోట, ఈ సన్నటి బండికి గాలి దారి ఇచ్చింది. నాలుగు వందల పది, పద్దెనిమిది, ఇరవై మూడు. గీత.

నాలుగు వందల ఇరవై ఏడు.

హాలులో జనం పక్కవాళ్ల చేతుల వైపు చూశారు. ట్రాన్స్‌పోర్ట్‌కు చప్పట్లు కొట్టిన అనుభవం అక్కడ ఎవరికీ లేదు. ముందుగా లోహిత్ మొదలుపెట్టాడు. తలుపు దగ్గర నుంచి రాజయ్య ఈల వేశాడు. యూనిఫాంలో ఉన్నవాడు ఈల వేయకూడదు కనుక చంద్రయ్య సెల్యూట్ కొట్టాడు.

“ఆయన్ని దింపేసుంటే ఇంకో పది వచ్చేదండి,” అన్నాడు లోహిత్ దగ్గరికి వచ్చి.

“ఆయన దిగితే బండి గేటే దాటకపోవు సార్,” అంది శ్రీలత.

మార్చి ఆఖరులో టౌన్‌హాల్. శ్రీలత ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని మూడో వరుసలో కూర్చుంది. చుట్టూ అందరూ టీషర్టుల్లో ఉన్నారు. ఒక్కో విభాగం ఘనత అయిపోయింది. అప్పుడు ఆ స్లైడ్ పడింది. దాని మీద పెద్ద బంగారు అక్షరాలతో ఇలా ఉంది: ‘హైపర్‌కార్ పోటీ విజేత: ఇతరులు.’

జనం చప్పట్లు కొట్టారు. స్లైడ్ మారింది. ‘ట్రాన్స్‌పోర్ట్ ఫిర్యాదులు: 37.’

ఎవరి దుర్మార్గమూ లేదు. పోటీ ఫారంలో విభాగం ఎంచుకోవడానికి ఒక జాబితా ఇచ్చారు. అందులో పదకొండు విభాగాలున్నాయి, ట్రాన్స్‌పోర్ట్ లేదు. అదీ ఒక విభాగమేనని ఎవరికీ తట్టలేదు. ప్రవీణ వెతికి వెతికి చివర ఉన్న ‘ఇతరులు’ అనేది ఒత్తింది. కంప్యూటర్ దానినే గౌరవంగా తెర మీద వేసింది.

“నాదే తప్పక్కా,” అంది ప్రవీణ లిఫ్టులో, కళ్లు తుడుచుకుంటూ.

“నీదేంది? లిస్టుల లేకుంటే నువ్వేం చేస్తవ్?”

శ్రీలత సెల్లారుకు దిగి, కుర్చీలో కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, కంపెనీ ఫిర్యాదుల పేజీ తెరిచింది. పదకొండేళ్లుగా ఫిర్యాదులు వచ్చి పడే వైపు నుంచే దాన్ని చూసింది. పంపే వైపు నుంచి చూడటం ఇదే మొదటిసారి. ‘మీ ఫిర్యాదు ఏ విభాగానికి సంబంధించినది?’ అని అడిగి అక్కడా ఒక జాబితా ఇచ్చారు. అందులో ట్రాన్స్‌పోర్ట్ ఉంది. మొట్టమొదటి పేరే అది.

ఆమె దాన్ని ఒత్తి, కింద రాసింది: ‘పోటీలో గెలిచినది ట్రాన్స్‌పోర్ట్ విభాగం. తెర మీద వేరే పేరు వేసినారు. సరిచేసి అదే తెర మీద వేయగలరు.’ పంపింది.

పది సెకన్లలో ఆమె ఎదురుగా ఉన్న రెండో కంప్యూటర్ టింగుమంది. ట్రాన్స్‌పోర్ట్‌కు సంబంధించిన ఫిర్యాదులన్నీ వచ్చేది ఆ కంప్యూటర్‌కే. ‘కొత్త ఫిర్యాదు. ఇరవై నాలుగు గంటల్లో విచారించండి.’

శ్రీలత కుర్చీని రెండో కంప్యూటర్ వైపు జరుపుకుంది. ఏ ఫిర్యాదునైనా ఆమె ఎలా విచారిస్తుందో దీన్నీ అలాగే విచారించింది. పోటీ ఫలితాల పత్రం తీసింది. సాక్షిగా ప్రవీణను అడిగింది. ఫిర్యాదుదారు నడవడికి సంబంధించిన పాత రికార్డు చూసింది, మచ్చ లేదు. విచారణ ఫలితం గడిలో రాసింది: ‘ఫిర్యాదు సబబైనదే. పొరపాటు ట్రాన్స్‌పోర్ట్‌ది కాదు. తగు చర్య నిమిత్తం హెచ్ఆర్‌కు పంపడమైనది.’

శిరీష పరుగున కిందికి వచ్చి, చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పింది. మర్నాడే అందరికీ మెయిల్ పంపుతానంది. శ్రీలత వద్దనలేదు. కానీ ఫిర్యాదులో తెర అని రాసి ఉందని, మెయిల్ తెర కాదని గుర్తుచేసింది.

ఫిర్యాదుదారు తృప్తిపడ్డానని ఒప్పుకుంటేనే కంపెనీలో ఫిర్యాదు మూతపడుతుంది. ‘మీ సమస్య పరిష్కారమైందా?’ అని కంప్యూటర్ రోజూ ఉదయం అడిగేది. ఏప్రిల్ అంతా, మే అంతా శ్రీలత రోజూ ఉదయం ‘లేదు’ అని ఒత్తింది.

జూన్ టౌన్‌హాల్‌లో మొదటి స్లైడ్‌గా ‘సవరణ’ అని పడింది. దాని కింద ‘హైపర్‌కార్ పోటీ విజేత: ట్రాన్స్‌పోర్ట్.’ ఆ మాట తర్వాత ఏమీ లేదు, తెల్లటి ఖాళీ. నాలుగు సెకన్లు ఉంది. తలుపు దగ్గర రాజయ్య ఫోన్ తీసేలోపే మారిపోయింది. చివర్లో, సమోసాల వేళకు, ఫిర్యాదుల స్లైడ్ కూడా వచ్చింది. ఈసారి అంకె ముప్పై ఎనిమిది. హాలు నవ్వింది.

“ఒకటి పెరిగింది మేడం,” అన్నాడు రాజయ్య కిందికి దిగుతూ. “ఎవడో ఏమో.”

“నేనే అన్నా,” అంది శ్రీలత. గదిలోకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ ఉదయపు ప్రశ్న ఇంకా తెర మీదే ఉంది. ‘అవును’ ఒత్తింది. తర్వాత సాయంత్రం కార్ల రోస్టర్ తెరిచి, మియాపూర్ దారిలో రెండు ఖాళీ సీట్లు కనిపిస్తే వాటి సంగతి చూడటం మొదలుపెట్టింది.